జీతానికి తవ్విన కాలువ

మన పెద్దవాళ్ళు మనిషికి ఏడు సంతానాలు చెప్పారు: కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం. కడుపున పుట్టేది మొదటిదొక్కటే. తెలుగునాట చెరువులు తవ్వించి శాసనాలు వేయించిన దొరలు ఈ ఏడింటినీ తలుచుకుని మురిసిపోయారు.

మా నాయనకు మొదటిది లేదు. మేమిద్దరం ఆడపిల్లలం. కావ్యం రాయలేదు, నిధి దాచలేదు, గుడి కట్టించలేదు, అగ్రహారం ఇవ్వలేదు. పెరట్లోని నాలుగు నిమ్మచెట్లను తోట అంటే అనొచ్చు. ఇక మిగిలింది చెరువు. చిక్కంతా దాని దగ్గరే ఉంది. ఇరిగేషన్ శాఖలో జూనియర్ ఇంజనీరుగా చేరి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరైన మనిషి ఆయన. బతుకంతా కట్టలు, కాలువలు, తూములు, కలుజులే. అన్నీ జీతానికే. డబ్బు ప్రభుత్వానిది, చెమట కూలీలది, శిలాఫలకం మీద పేరు మంత్రిగారిది. మరి ఆ చెరువు ఎవరి సంతానం?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. నెల్లూరు జిల్లాలోని మా ఊరు విడవలూరులో నాయన పెద్దకర్మ నాడు మా మేనత్త నలుగురిలో గొంతెత్తి ఏడ్చింది, "పిండం పెట్టే కొడుకు లేకపాయెనే" అని. ఆ పక్కనే మా చెల్లెలి కొడుకు కూర్చుని కర్మ చేస్తున్నాడు. దౌహిత్రుడు పెట్టవచ్చని శాస్త్రం ఒప్పుకున్నా మా మేనత్త ఒప్పుకోలేదు. పురోహితుడు ఆమెను ఓదార్చబోయాడు: "కొడుకు లేకపోతే ఏమమ్మా, ఆయన తవ్విచ్చిన కాలువల్లో నీళ్ళు పారతా ఉండాయి. అది సంతానం గాదా?" అందరూ తలలూపారు.

నాయన బతికుండగా ఆ మాట అని ఉంటే మాత్రం పురోహితుడికి చివాట్లు తప్పేవి కావు. ఎవరైనా రైతు "మీ పుణ్యాన పంట చేతికొచ్చింది సారూ" అంటే ఆయనకు చిరాకు. "జీతం తీసుకున్నాం గదయ్యా, లెక్క సరిపోయింది. మళ్ళీ పుణ్యమేంది?" అనేవాడు. ఒక పనికి రెండు బిల్లులు పెట్టకూడదన్నది ఆయన మతం. దేవుడి దగ్గరైనా సరే.

నేను తెలుగు టీచరుగా పనిచేశాను. సంస్కృతం కొద్దో గొప్పో వచ్చు. కాబట్టి పురోహితుడికీ నాయనకూ మధ్య ఈ తగవు నేనే తీర్చాలనుకున్నాను.

ముందు మా ఊరి సంగతి చెప్పాలి. సంగం దగ్గర పెన్నకు అడ్డం కట్టి మళ్ళించిన నీళ్ళు బుచ్చిరెడ్డిపాళెం దగ్గర కనిగిరి రిజర్వాయరులో చేరతాయి. అక్కణ్ణుంచి కాలువలు పట్టుకుని కోవూరు వైపు పొలాలన్నీ తడుపుకుంటూ మాకొస్తాయి. మా మండలం దాటితే సముద్రమే. రామతీర్థంలో కామాక్షీ సమేత రామలింగేశ్వరస్వామి గుడి దగ్గర నిలబడితే అలల హోరు వినిపిస్తుంది. అంటే కాలువకు మేం కొసవాళ్ళం. పైవాళ్ళు కయ్యలు తడుపుకుని, పొరుగువాడి మీద పంతానికి ఇంకాస్త తడుపుకుని వదిలితే వచ్చేవే మా నీళ్ళు. అవి రాకపోతే ఊరుకుంటుందా నేల? కిందనుంచి ఉప్పు పైకి తెస్తుంది. ఇప్పుడు రొయ్యల గుంటలొచ్చి ఆ ఉప్పుకు కూడా ధర పలుకుతోంది గానీ, నాయన చిన్నతనంలో ఉప్పు తేలిన కయ్య అంటే చచ్చిన కయ్యే.

కొసన పుట్టినవాడు కనకే ఇంజనీరయ్యాడని మా అవ్వ అనేది. అది నిజమో కాదో గానీ, కొత్త సెక్షనుకు బదిలీ అయినప్పుడల్లా ఆయన కాలువ తల దగ్గరికి పోయేవాడు కాదు. ముందు కొసకు పోయేవాడు. "తల దగ్గర నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి. ఆడ చూసేదేముంది?" అనేవాడు. సైకిలు మీద లస్కరును, అంటే తూములు తిప్పే మనిషిని, ఎక్కించుకుని కాలువగట్టు వెంట పోయే ఇంజనీరును చూసి కింది ఊళ్ళవాళ్ళు మొదట నవ్వారట. లస్కరు తొక్కాలి, సారు కూర్చోవాలి గదా!

ఇక శాస్త్రం. జైమిని మీమాంసలో సరిగ్గా మా నాయన కేసు లాంటి విచారణే ఒకటి ఉంది. యజ్ఞంలో మంత్రం చదివేదీ హోమం వేసేదీ ఋత్విక్కులు. మరి స్వర్గం ఎవరికి? యజమానికి. ఋత్విక్కులకు దక్షిణ ముట్టింది. దక్షిణ ఇచ్చి వాళ్ళ శ్రమను యజమాని కొనుక్కున్నాడు. ఫలం కొనుక్కున్నవాడిది. ఇంతే తీర్పు. నాయన జైమిని పేరు విన్నాడో లేదో నాకు తెలియదు గానీ ఆయన వాదన మాత్రం అదే. ఇంజనీరు ఋత్విక్కు. ఒకటో తారీఖున దక్షిణ ముట్టింది. ఫలంతో సంబంధం లేదు.

అయితే యజమాని ఎవరు? పూర్వం రాజు. ఇప్పుడు ప్రభుత్వం అంటారు. ప్రభుత్వానికి డబ్బెక్కడిది? నీటితీరువా కట్టిన రైతుది, అగ్గిపెట్టె కొన్న కూలివాడిది. ఆ లెక్కన కాలువ ఫలం ఆ నీళ్ళు తాగిన కయ్యల వాళ్ళదే, పన్ను కట్టిన నలుగురిదే. యజ్ఞమూ వాళ్ళదే, వర్షమూ వాళ్ళ మీదే. జైమిని ఒప్పుకుంటాడో లేదో గానీ నాకు ఈ లెక్క నచ్చింది. దీన్లో నాయనకు వాటా లేదన్నదే కాస్త గుచ్చుకుంటుంది.

నాయన రిటైరైన తర్వాత నేనూ ఆయనా బద్వేలు మీదుగా పోరుమామిళ్ళ పోయాం. కడప జిల్లాలో ఉన్న ఆ చెరువు ఇరిగేషన్ వాళ్ళకు తీర్థక్షేత్రం లాంటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, 1369లో ఆ చెరువు కట్టించి సంస్కృతంలో శాసనం వేయించాడు. సుక్తంకర్ పండితుడు దాన్ని ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చువేశాడు. ఆ కాపీ నా సంచిలో ఉంది. కట్ట మీద నిలబడి నేను చదివి అర్థం చెబుతుంటే నాయన చేతులు వెనక్కి కట్టుకుని విన్నాడు.

మంచి చెరువుకు పన్నెండు అంగాలు కావాలంటుంది ఆ శాసనం. మొదటిది ధర్మం, ధనం, కీర్తి మీద ఆశ ఉన్న రాజు. రెండోది పాథశ్శాస్త్రం, అంటే నీళ్ళ శాస్త్రం, తెలిసిన బ్రాహ్మణుడు. తర్వాత గట్టి బంకమట్టి నేల, మూడు యోజనాలు పారివచ్చే తియ్యనీటి ఏరు, కట్టకు ఆనుకునే కొండ, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, పొడవాటి తిన్నని రాళ్ళు దొరికే గని. చిట్టచివర కట్టడం పని తెలిసిన జనం. రాజు, మట్టి, రాయి, ఇంజనీరు, కూలీలు అందరూ ఒకే వరసలో! నాయన పకపకా నవ్వాడు. "చూశావా అమ్మణ్ణీ, మెటీరియల్స్ లిస్టులో ఏసినారు నన్ను."

తర్వాత ఆరు దోషాలు. కట్టలోంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం, చెరువు గర్భం నడుమ మిట్ట, నీళ్ళు తక్కువై సాగునేల ఎక్కువ కావడం, సాగునేల తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం. ఇవి వింటున్నప్పుడు ఆయన నవ్వు తగ్గింది. మళ్ళీ చదవమన్నాడు. ఆయన ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిచింది కండలేరు మీద. 1983లో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఒప్పందం చేసుకుని మొదలుపెట్టిన తెలుగుగంగలో సోమశిల తర్వాతి మజిలీ కండలేరు. పది కిలోమీటర్లకు పైగా సాగే మట్టికట్ట అది. మట్టికట్ట వేసేవాడికి నిద్రపట్టనివ్వనిది ఒక్కటే, నీరు ఊరడం. పొర పొరకూ తడి ఎంతుందో చూడాలి, రోలరు ఎన్నిసార్లు తిరిగిందో చూడాలి, మట్టి దిట్టంగా అణిగిందో లేదో పరీక్ష చేయించాలి. తడి తక్కువైనా తప్పే, ఎక్కువైనా తప్పే. ఆరు వందల ఏళ్ళ నాటి రాయి మీద తన భయమే మొదటి దోషంగా ఉండటం ఆయనకు ఎంత నచ్చిందో! మూడో దోషం దగ్గర మాత్రం, "ఈ రాసినాయన్ని తీసకపోయి ట్రిబ్యునల్లో జడ్జీగా కూర్చోబెట్టాల" అన్నాడు. కృష్ణ నీళ్ళు రెండు రాష్ట్రాల పొలిమేర దాటి చెన్నైకి పోవడం కోసం పనిచేసినవాడు ఆ మాట అనడం నాకు తమాషాగా అనిపించింది.

1996లో ఆ నీళ్ళు తమిళనాడు సరిహద్దు చేరాయి. వేదికలు, దండలు, ఫొటోలు. మా నాయన ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. వసారాలో బకెట్టు నీళ్ళు పెట్టుకుని చెల్లెలి సైకిలు ట్యూబు ఎక్కడ కారుతోందో వెతుకుతున్నాడు.

ఆయన తన వాటా వద్దన్నాడు సరే, శాస్త్రమంతా జైమిని పక్షమేనా అంటే కాదు. భారతంలో ఆనుశాసనిక పర్వం ఉంది. దాన్ని తెలుగు చేసిన తిక్కన మా జిల్లా వాడే. కోవూరు పక్కన పాటూరుతో ఆయన పేరు ముడిపడి ఉంది. సంస్కృత మూలంలో భీష్ముడు ధర్మరాజుకు చెరువు తవ్వించిన ఫలం చెబుతాడు. ఆ చెప్పే తీరు చూడండి. వానాకాలంలో మాత్రమే నీళ్ళుండే చెరువుకు అగ్నిహోత్రమంత ఫలం. శరత్తు దాకా నిలిస్తే వెయ్యి గోవులు ఇచ్చినంత. అలా ఋతువు గడిచేకొద్దీ ఫలం పెరుగుతూ పోయి, ఎండాకాలంలో కూడా నీళ్ళు నిలిచే చెరువుకు అశ్వమేధమంత. ఎవరు తవ్వించారు, ఎంత ఖర్చయింది, ముహూర్తం ఏమిటి అన్న మాట లేదు. నీళ్ళు ఎన్నాళ్ళు నిలిచాయి, అంతే. పుణ్యాన్ని గేజి పెట్టి కొలిచిన తొలి ఇంజనీరు భీష్ముడని నాయనతో అంటే, "ఎండాకాలం రీడింగు చూసినాడంటే పని తెలిసినోడే" అన్నాడు.

ఇలాంటి పనులకు ధర్మశాస్త్రాల్లో పూర్తం అని పేరు. యజ్ఞయాగాలు ఇష్టం, బావి, చెరువు, తోట, సత్రం పూర్తం. ఇష్టానికి అధికారం ద్విజులకే. పూర్తానికి శూద్రులకూ స్త్రీలకూ కూడా ఉంది. మన శాస్త్రాల్లో అందరికీ తలుపు తీసిపెట్టిన గదులు తక్కువ. వాటిలో ఇదొకటి. నీళ్ళకు సంబంధించింది కావడం కాకతాళీయమనుకోను. దాహానికి కులం పెట్టలేకపోయి ఉంటారు. చెరువులకు మాత్రం తర్వాత పెట్టారు, అది వేరే సిగ్గు.

అయితే ఇదంతా బయటి పని. నాయన గురించి బంధువులు చెప్పుకునేది బయటి పని గురించి కాదు, "ఇల్లంటే పడిచచ్చే మనిషి" అని. అదీ నిజమే. శనివారం సాయంత్రం క్యాంపు నుంచి బస్సు దిగేవాడు. ఆదివారం పొద్దున ఇద్దరికీ గోళ్ళు తీసేవాడు. పనికిరాని బ్లూప్రింట్లు తెచ్చి మా పుస్తకాలకు అట్టలు వేసేవాడు. నా తెలుగు వాచకం మీద ఏదో అక్విడక్టు అడ్డకోత ఉండేది, అమ్మోనియా వాసన ఏడాదంతా పోయేది కాదు. గ్యాసు బండ మార్చిన తేదీ గోడ మీద రాసేవాడు. బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో నెలకోసారి చూసి రాసేవాడు. ఇంటికి ఇంజనీరు, ఆఫీసుకు గృహస్థు అని అమ్మ ఎగతాళి చేసేది.

ఆ అమ్మే ఒక విషయం మాత్రం చాలా ఏళ్ళు మనసులో పెట్టుకుంది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుపాను తీరం దాటింది. అప్పుడు అమ్మ నెల్లూరులో నొప్పులు పడుతోంది. నాయన జిల్లాకు దక్షిణాన ఒక చెరువు కట్ట మీద, ఇసుక బస్తాల దగ్గర ఉన్నాడు. కట్ట కింద రెండు ఊళ్ళు. చెల్లెలు పుట్టింది. మూడో రోజుకు గానీ నాయన రాలేకపోయాడు, మోకాళ్ళ దాకా బురదతో. అమ్మ మొహం అటు తిప్పుకుంది. "ఆ చెరువే మీ బిడ్డ. పోయి దాన్నే ఎత్తుకోండి" అన్నదట. కట్ట నిలిచింది. అమ్మ కోపం అంతకంటే ఎక్కువ కాలం నిలిచింది.

ఏడు సంతానాలు చెప్పినవాళ్ళు బిడ్డనూ చెరువునూ పక్కపక్కన కూర్చోబెట్టారు గానీ, ఒకే రాత్రి రెండూ పిలిస్తే ఎటు పోవాలో చెప్పలేదు.

నాకు తెలిసి దీనికి దగ్గరగా వచ్చింది కఠోపనిషత్తు. యముడి ఇంటి ముందు నచికేతుడు మూడు రాత్రులు తిండి లేకుండా కూర్చున్నాడు గదా. అతిథిని పస్తు పెట్టినవాడి ఆశలూ, పుణ్యాలూ, ఇష్టాపూర్తాలూ, కొడుకులూ, పశువులూ అన్నీ పోతాయంటుంది అక్కడ. ఈ మాట నేను ఎన్నోసార్లు చదివాను, నాయన పోయాకే పట్టించుకున్నాను. ఊరికి చెరువు తవ్విన పుణ్యం ఇంటి అరుగు మీద ఒక్క ఆకలి కడుపుతో కొట్టుకుపోతుందన్నమాట. ఇంటికో పద్దు, ఊరికో పద్దు అని రెండు పుస్తకాలు లేవు. బయట ధర్మాత్ముడు, ఇంట్లో రాక్షసుడు అనే మనుషులను మనం చూస్తూనే ఉంటాం, పోయాక సంతాపసభల్లో పొగుడుతూనే ఉంటాం. ఉపనిషత్తు వాళ్ళను క్షమించదు.

మరి నాయన ఆ మూడు రోజుల బాకీ తీర్చాడా? తీర్చాడు, చాలా ఆలస్యంగా. రిటైరైన కొన్నాళ్ళకు అమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మంచంలో ఉండి అమ్మ చెబుతుంటే ఆయన వంట నేర్చుకున్నాడు. చేపల పులుసులో మామిడికాయ ఎప్పుడు వేయాలో, ఎంత పులుపుకు ఎంత కారమో పాత ఎం-బుక్కులో, అంటే పనుల కొలతలు రాసే పుస్తకంలో, రాసుకున్నాడు. అదే పుస్తకంలో ఇంకోవైపు అమ్మ మాత్రల వేళలు, బీపీ అంకెలు. అమ్మకు తల దువ్వి జడ వేసేవాడు. వంకర జడే, కానీ రోజూ వేశాడు. ఒకనాడు అమ్మను చూడటానికి కండలేరు రోజుల సహోద్యోగి ఒకాయన వచ్చి, సారు ఆ కట్ట మీద ఎంత కష్టపడ్డారో చెబుతుంటే అమ్మ నంగినంగి మాటలతోనే, "ఆ కట్టలో సగం మట్టి నాది" అంది. నాయన, "సగం కంటే ఎక్కువే" అన్నాడు. పూర్తం ఫలంలో భార్య వాటా గురించి నేను చదివిన వ్యాఖ్యానాల్లో అంత సూటి వ్యాఖ్యానం లేదు.

ఇక్కడ ఇంకో ఇంజనీరు గుర్తుకొస్తాడు. 2008 నుంచి మా జిల్లాకు ఆయన పేరే. పొట్టి శ్రీరాములు బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి రైల్వేలో ఉద్యోగం చేసిన మనిషి. భార్యా, పసిబిడ్డా పోయారు. ఉద్యోగం వదిలి గాంధీ ఆశ్రమానికి వెళ్ళిపోయాడు. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహారదీక్ష చేశాడు. 1952 డిసెంబరు 15న మద్రాసులో ఆంధ్రరాష్ట్రం కోసం ప్రాణం వదిలాడు. ఇల్లు కూలిపోయినవాడికి దేశమే ఇల్లయింది. అది మహాత్ముల దారి. దానికి దండం పెడతాను. కానీ ఇల్లు నిలిచి ఉన్నవాడి దారి తక్కువదని ఎవరైనా అంటే ఒప్పుకోను. అన్నీ పోయాక లోకానికి అంకితం కావడం ఒక కష్టం. పెళ్ళాం మందులు, పిల్లల ఫీజులు, కట్ట మీద ఊట, పైఅధికారి ఫోను అన్నీ ఉండగా దేన్నీ వదలకుండా నిలబడటం ఇంకో కష్టం. రెండోదానికి విగ్రహాలు పెట్టరు, పెట్టాల్సిన పనీ లేదు.

బంధుప్రీతి గురించి కూడా ఒక మాట. మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1912లో మైసూరు దివాను పదవి తీసుకునే ముందు బంధువులను కూర్చోబెట్టి, తన పేరు చెప్పుకుని ఏ సాయమూ అడగబోమని మాట తీసుకున్నాడని చెబుతారు. నాయనకు అంత పదవి లేదు గానీ ఆ ఇబ్బంది ఉంది. మా చిన్నాయన ఒకసారి వంతు కాని రోజున తూము ఎత్తించమని అడిగాడు. నాయన ఎత్తించలేదు. చిన్నాయన రెండేళ్ళు మా గడప తొక్కలేదు. ఇంటిని ప్రేమించడం అంటే ఇంటివాళ్ళకు నీళ్ళు దొంగిలించి పెట్టడం కాదని ఆయన అనుకున్నాడు. సొంత తమ్ముడి కయ్య ఎండుతుంటే చూస్తూ ఉండటం సులువేమీ కాదు. ఆ రెండేళ్ళూ పండక్కి చిన్నాయన పిల్లలకు బట్టలు మాత్రం మా అవ్వ చేత పంపించాడు.

పాపం మాటేమిటి? ఋత్విక్కుకు ఫలం లేదన్న మీమాంస, ఋత్విక్కు మంత్రం తప్పితే ప్రాయశ్చిత్తం మాత్రం చెబుతుంది. మన ఆఫీసుల్లోనూ అంతే. చెరువు నిండితే శిలాఫలకం మంత్రికి, చెరువు తెగితే సస్పెన్షను అసిస్టెంటు ఇంజనీరుకు. 2021 నవంబరులో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి ఎందరో చచ్చిపోయారు. ఆ వారంలోనే పెన్న పొంగి మాకు దగ్గర్లో పడుగుపాడు వద్ద రైలు పట్టాలు కొట్టుకుపోయాయి, కోవూరు దగ్గర హైవే తెగింది. ముసలి నాయన టీవీ ముందు కూర్చుని సోమశిల నుంచి వదులుతున్న నీళ్ళ లెక్క క్యాలెండరు వెనక రాసుకుంటూనే ఉన్నాడు. అన్నమయ్యలో ఒక గేటు తెరుచుకోలేదన్న వార్త విని పెన్ను కింద పెట్టేశాడు. "గేటుకు గ్రీజు పెట్టడం కూడా జీతంలోదే గదా" అని మాత్రం అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. పుణ్యం వద్దన్న మనిషి, తనది కాని పాపానికి పస్తున్నాడు. నాయన ఎలాంటివాడని ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇదొక్కటే.

జైమినికి ఎదురు నిలిచే సాక్ష్యం ఒకటి గోదావరి జిల్లాల్లో ఉంది. సర్ ఆర్థర్ కాటన్ ఈస్టిండియా కంపెనీ జీతగాడు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852కు పూర్తయింది. కంపెనీ డబ్బు పెట్టింది శిస్తు పెరుగుతుందనే గానీ మన మీద జాలితో కాదు. మీమాంస ప్రకారం ఫలం కంపెనీది. కాటన్‌కు దక్షిణ ముట్టింది, లెక్క సరిపోయింది. కానీ జనం ఏం చేశారు? ఆ క్రైస్తవుణ్ణి గోదావరి స్నాన సంకల్పాల్లో తలుచుకున్నారు. పుష్కరాల్లో పిండాలు పెట్టారు. ఊరూరా విగ్రహాలు నిలిపారు. కంపెనీకి ఎవరూ నువ్వులు నీళ్ళు వదల్లేదు. కాటన్ జీవితచరిత్రను 1900లో రాసింది కూడా కూతురే, లేడీ హోప్. కొడుకు లేకపోతే గతి లేదనే మా మేనత్తకు ఈ సంగతి చెప్పాను. "దొరల సంగతి మనకెందుకులే" అంది.

జనం అలా తీర్పు ఎందుకిచ్చారు? దక్షిణతో గంటలను కొనవచ్చు, చదువును కొనవచ్చు, సంతకాన్ని కొనవచ్చు. కాలువ కొసకు పోయి చూడాలన్న తపనకు జీవోల్లో రేటు లేదు. రోలరు ఇంకోసారి తిరగాలని ఎండలో నిలబడటానికి ఏ పద్దూ లేదు. మా అమ్మను ప్రభుత్వం కొనలేదు. అమ్మినట్టు నాయనా ఎక్కడా సంతకం పెట్టలేదు. ఆ మిగులు ఎవరిది? యజమాని దానికి వెల ఇవ్వలేదు కనక యజమానిది కాదు. మీమాంస తర్కంతోనే చెబుతున్నాను, అది చేసినవాడిదే. కాలువంతా నాయన సంతానమని పురోహితుడు అన్నది ఎక్కువ. అస్సలు ఏమీ కాదని నాయన అన్నది తక్కువ. జీతానికి మించి పెట్టిన ఆ కాస్త మేరకు, అందులో సగానికి పైగా అమ్మ పేరున, ఆ నీళ్ళు మా తోబుట్టువులే.

ముండకోపనిషత్తు మాత్రం నన్ను ఊరుకోనివ్వదు. ఇష్టాపూర్తాలే గొప్ప అనుకునేవాళ్ళు మూఢులనీ, స్వర్గంలో ఆ పుణ్యం అనుభవించి మళ్ళీ ఈ లోకానికో ఇంతకంటే హీనమైనదానికో వచ్చి పడతారనీ అంటుంది. కాదనేంత దాన్ని కాను. నాయన మోక్షం గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. మళ్ళీ రావాల్సి వస్తే ఏ కాలువ కొసనో పడేస్తే చాలనుకునే రకం.

చివరికి నేను తేల్చుకున్నది ఇది. నాయన పేరుతో రాయి వేయిద్దామని మా చెల్లెలు అంటే వద్దన్నాను. పోరుమామిళ్ళ శాసనంలో రాజు వంశం ఉంది, కవి ప్రతిభ ఉంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అంకెలూ ఉన్నాయి. ఆ వెయ్యిమందిలో ఒక్కరి పేరూ లేదు. మన చెరువులకూ కాలువలకూ అదే గతి పట్టకూడదు. తుపాను రాత్రి కట్ట మీద ఇసుక బస్తాలు మోసినవాళ్ళు, తూము తిప్పిన లస్కర్లు, గేజి చదివినవాళ్ళు ఇంకా కొందరు మీ ఊళ్ళో బతికే ఉంటారు. వాళ్ళ పేర్లు, వాళ్ళ ఇల్లాళ్ళ పేర్లు కూడా, వాళ్ళుండగానే అడిగి రాసుకోండి.